బి.ఎస్. వెంకట్రావు: కూలిన సంఘం, మిగిలిన నిధి

సికింద్రాబాద్‌కు చెందిన బి.ఎస్. వెంకట్రావును జనం హైదరాబాద్ అంబేడ్కర్ అని పిలుచుకున్నారు. 1936 మే నెలలో బొంబాయి దాదర్‌లో మతమార్పిడిపై చర్చించిన మహర్ల మహాసభకు ఆయనే అధ్యక్షుడు.

నిజాం రాజ్యంలో ఆయన నడిపిన అణగారిన వర్గాల సంఘం దళితులకు ప్రత్యేక రాజకీయ ప్రాతినిధ్యం కావాలని పోరాడింది. తర్వాత చీలికలు వచ్చాయి. జె. సుబ్బయ్య నాయకత్వంలో అంబేడ్కర్ పార్టీ అయిన షెడ్యూల్డ్ కులాల సమాఖ్య వేరుగా నిలబడింది. వెంకట్రావు నిజాం ప్రభుత్వంతో కలిసి నడిచారు. లాయక్ అలీ మంత్రివర్గంలో విద్యామంత్రి అయ్యారు. దళితుల చదువు కోసం కోటి రూపాయల నిధి సాధించారు.

1947 నవంబరులో అంబేడ్కర్ నిజాం పక్షం వహించవద్దని సంస్థాన దళితులను హెచ్చరించారు. సంఘం దారి మార్చుకోలేదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో మంత్రివర్గం కూలింది. రజాకార్ల అపకీర్తి సంఘానికీ అంటుకుంది. 1952 ఎన్నికల్లో హైదరాబాద్ శాసనసభకు సమాఖ్య నుంచి 5 గురు గెలిచారు. కరీంనగర్ నుంచి ఎం.ఆర్. కృష్ణ లోక్‌సభకు వెళ్లారు. వెంకట్రావు 1953లో కన్నుమూశారు.

ఆయనను ద్రోహి అని కొట్టిపారేయడం తేలిక. అన్ని తలుపులూ మూసి ఉన్న కాలంలో తెరుచుకున్న ఒక్క తలుపులోంచి ఆయన బడికి డబ్బు తెచ్చారు. అయితే పాలకుడి నీడన పెరిగిన సంఘానికి ఆ పాలకుడు పోయాక కాలూనే చోటు లేకపోయింది. నిధి మాత్రం నిలిచింది. ఔరంగాబాద్‌లో అంబేడ్కర్ కట్టిన మిళింద్ కళాశాలకు ఆ నిధి నుంచే అప్పు అందింది. ఈ రెండూ కలిపి చదివితేనే వెంకట్రావు మనకు అర్థమవుతారు.