తల్లుల రక్తహీనతకు మందు చూపిన డాక్టర్ లూసీ విల్స్ (1888–1964)



మిషనరీల జీవితములు, పాతకాలపు సంఘ కాపరుల జీవితములు చదువుకోవడం మన సంఘములలో ఎప్పటినుండో ఉన్న అలవాటు. ఈసారి మిషనరీ కాని ఒక వైద్యురాలి జీవితమును మీ ముందుంచుతున్నాము. ఆమె సువార్త ప్రకటించడానికి మన దేశానికి రాలేదు. మన దేశపు పేద గర్భిణీ స్త్రీలు ఎందుకు చనిపోతున్నారో కనుక్కోవడానికి వచ్చారు. బేత్లెహేము మార్గములో రాహేలు ప్రసవవేదనతో ప్రాణము విడిచిన సంగతి మనమందరము ఎరుగుదుము. యాకోబు ఆ త్రోవలోనే ఆమెను పాతిపెట్టి, సమాధి మీద స్తంభము నిలిపాడు. అలాటి సమాధులు మన కుటుంబాలలోనూ లేకపోలేదు. మన అమ్మమ్మల, నాయనమ్మల తరములో కాన్పుకు పుట్టింటికి వెళ్లి తిరిగిరాని ఆడపడుచు లేని వంశము అరుదు. ఆ సమాధుల సంఖ్యను తగ్గించినవారిలో లూసీ విల్స్ గారు ఒకరు.

బాల్యము, చదువు

లూసీ విల్స్ గారు 1888 మే 10వ తేదీన ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పట్టణానికి దగ్గరనున్న సటన్ కోల్డ్‌ఫీల్డ్‌లో పుట్టారు. వారిది కలిగిన కుటుంబము. తండ్రికి సైన్సు మీద ఆసక్తి ఎక్కువ. తల్లి ఒక వైద్యుని కుమార్తె. ఆడపిల్లలకు సైన్సు నేర్పే బడులు చాలా తక్కువగా ఉన్న ఆ రోజుల్లో ఆమె చెల్టెన్‌హామ్ లేడీస్ కాలేజీలో చదివారు. తరువాత 1907లో కేంబ్రిడ్జిలోని న్యూన్‌హామ్ కాలేజీలో చేరి, వృక్షశాస్త్రము, భూగర్భశాస్త్రము అభ్యసించారు. 1911లో పరీక్షలు ముగించారు. అయితే ఆ విశ్వవిద్యాలయము స్త్రీలను పరీక్షలకు కూర్చోనిచ్చేదే గాని వారికి డిగ్రీ ఇచ్చేది కాదు. అక్కడ స్త్రీలకు పూర్తి డిగ్రీలు 1948లో గాని రాలేదు.

1911లోనే తండ్రి చనిపోయారు. 1913లో అక్క చనిపోయింది. ఆ దుఃఖదినములలో లూసీ గారు తల్లితో కలిసి సింహళము వెళ్లి వచ్చారు. 1914లో దక్షిణాఫ్రికా వెళ్లినప్పుడు మొదటి ప్రపంచ యుద్ధము మొదలైంది. ఆమె కేప్‌టౌన్‌లో స్వచ్ఛందముగా నర్సు పని చేశారు. రోగుల మంచాల ప్రక్కన నిలిచిన ఆ కొద్ది వారములు ఆమె త్రోవను మార్చినట్లు కనిపిస్తుంది. ఇంగ్లండుకు తిరిగివచ్చి 1915 జనవరిలో లండన్‌లోని స్త్రీల వైద్య కళాశాలలో చేరారు. అప్పటికి ఆమెకు 26 ఏండ్లు. 1920లో డాక్టరు అయ్యేటప్పటికి 32 ఏండ్లు. వయస్సు మీరిపోయింది, ఇక చదువెందుకని కూర్చునే మన యువతులు ఈ లెక్కను గమనించాలి.

డాక్టరైన తరువాత ఆమె సొంత ప్రాక్టీసు పెట్టుకోలేదు. రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో పరిశోధన, బోధన ఎంచుకున్నారు. గర్భిణీ స్త్రీల శరీరములో జరిగే మార్పులను అక్కడ అధ్యయనము చేశారు.

బొంబాయికి పిలుపు

1920లలో బొంబాయి నగరములో కాన్పుల సమయాన మరణాలు ఎక్కువగా ఉండేవి. మన దేశములో ఎంతోకాలము పనిచేసిన డాక్టర్ మార్గరెట్ బాల్ఫర్ గారు ఈ విషయమై విచారణ సాగిస్తూ లూసీ విల్స్ గారిని పిలిచారు. ఆమె 1928లో బొంబాయి చేరి, పరేల్‌లోని హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో పని మొదలుపెట్టారు. అప్పుడామె వయస్సు 40 సంవత్సరములు.

ఆ బొంబాయి మనకు పరాయి ఊరు కాదు. బట్టల మిల్లులు పొగలు చిమ్ముతున్న ఆ కాలములో పద్మశాలి కుటుంబాలు, కూలి కుటుంబాలు తెలంగాణ పల్లెల నుండి అక్కడికి చేరి, చాళ్లలో ఒక్క గదిలో కాపురముండేవి. కామాఠిపురా అనే పేరే మనవారిని బట్టి వచ్చింది. విల్స్ గారు చూసిన రోగులలో ఎందరు తెలుగువారో మేము చెప్పలేము గాని, ఆమె ఎవరి కష్టమును చూశారో ఆ కష్టము మనవారిది కూడా.

మిల్లులలో పనిచేసే పేద స్త్రీలు గర్భము ధరించిన తరువాతి నెలల్లో పాలిపోయేవారు. మెట్లెక్కితే ఆయాసము, కాళ్లకు నీరు, విడవని నీరసము. కొందరు కాన్పుకు ముందే, కొందరు కాన్పైన వెంటనే చనిపోయేవారు. వారి రక్తమును సూక్ష్మదర్శినిలో చూస్తే, ఎర్ర కణములు సంఖ్యలో చాలా తక్కువ, పరిమాణములో మాత్రము మామూలుకంటె పెద్దవి. ఇనుము చాలక వచ్చే రక్తహీనతలో కణములు చిన్నవవుతాయి. కాబట్టి ఇది వేరే జబ్బు. ఇనుము ఇచ్చినంత మాత్రాన ఇది కుదరదు.

ఏమి తింటున్నారు?

విల్స్ గారు మొదట ఏదైనా క్రిమి వలన ఇది వస్తున్నదేమోనని వెదికారు. క్రిమి దొరకలేదు. అప్పుడు ఆమె ఆసుపత్రి వదిలి వంటింటివైపు చూశారు. మాణెక్ మెహతా, తల్పాడే మొదలైన మన దేశపు సహచరులతో కలిసి వేర్వేరు మతములకు, వేర్వేరు ఆదాయములకు చెందిన స్త్రీలు ఏమి తింటున్నారో, ఎంత తింటున్నారో వ్రాసుకున్నారు. కలవారి ఇండ్లలో ఈ జబ్బు తక్కువ. ఆకుకూర, పండు, పాలు, మాంసము దాదాపు ఎరుగని పేద ఇండ్లలో ఎక్కువ.

దానియేలు గ్రంథము మొదటి అధ్యాయము చదివిన మనకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. దానియేలు, అతని స్నేహితులు పది దినములు శాకధాన్యాదులు తిని, తరువాత తమ ముఖములను రాజు భోజనము తిన్నవారి ముఖములతో పోల్చి చూడుమన్నారు. ఒక గుంపుకు ఒక ఆహారము, ఇంకొక గుంపుకు ఇంకొక ఆహారము, తరువాత సరిపోల్చుట. విల్స్ గారి పరిశోధన అదే దారిలో నడిచింది.

ఆ పేద స్త్రీల ఆహారమునే ఆమె ఎలుకలకు పెట్టారు. గర్భముతో ఉన్న ఎలుకలకు రక్తహీనత వచ్చింది. ఈస్టు కలిపితే రాలేదు. అంతటితో జయధ్వని చేయవచ్చును. కాని ఆ ఎలుకలకు పేలు ఉన్నాయని, పేల ద్వారా వచ్చే అంటువ్యాధి వలన కూడా రక్తము తగ్గి ఉండవచ్చునని తేలింది. కాబట్టి ఆమె మరల మొదటినుండి కోతుల మీద అదే పరీక్ష జరిపారు. తనకు అనుకూలముగా వచ్చిన ఫలితమును తానే అనుమానించి మరల పరీక్షించుట సులభమైన పని కాదు. కోతులలోనూ అదే సంగతి రుజువైంది.

ఈ మధ్యలో 1929లో కొన్ని నెలలు నీలగిరులలోని కూనూరులో, రాబర్ట్ మెక్‌కారిసన్ గారు ఆహార పరిశోధన నడుపుతున్న చోట ఆమె పనిచేశారు. 1931 ఆరంభములో మద్రాసు తిరువల్లిక్కేణిలోని గోషా ఆసుపత్రిలో రోగులను చూశారు. దానిని ఇప్పుడు కస్తూర్బా గాంధీ ఆసుపత్రి అంటున్నారు. కూనూరు పరిశోధనశాల 1958లో హైదరాబాదు తార్నాకకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. మద్రాసులోని మన సహోదరులు, హైదరాబాదు బంధువులు రోజూ దాటిపోయే ఈ భవనములకు ఈ కథతో సంబంధమున్నది.

చౌక పదార్థములో జీవము

ఆ దినములలో ఒక రకపు ప్రాణాంతక రక్తహీనతకు కార్జము తినిపిస్తే నయమవుతుందని 1926లో అమెరికా వైద్యులు కనుగొని ఉన్నారు. కాని కార్జము నుండి తీసిన మందు ఖరీదైనది. మిల్లు కూలి ఇంటికి అది అందదు. విల్స్ గారు ఈస్టు నుండి తీసిన మార్మైట్ అనే పదార్థమును వాడి చూశారు. ఇది నల్లగా, చిక్కగా, ఉప్పగా ఉండే ముద్ద. ఇంగ్లండులో బ్రెడ్డు మీద రాసుకుని తింటారు. బీరు తయారుచేసే పీపాలలో మిగిలిన ఈస్టుతో దీనిని చేస్తారు. మద్యపానమును నిరసించే మన బాప్టిస్టు సంఘములకు ఇది కాస్త విచిత్రముగా తోచవచ్చు. అయినా పారవేయదగిన ఆ మడ్డిలోనే ఎందరో తల్లుల ప్రాణము దాగి ఉన్నది.

మార్మైట్ ఇచ్చిన కొద్ది దినములకే రోగుల రక్తములో క్రొత్త కణములు పెరిగాయి. ఆకలి పుట్టింది. నీరసము తగ్గింది. ఆమె ఈ ఫలితములను 1931 జూన్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. తరువాత 1937 ప్రాంతములో ఆమె ఇంకొక సంగతి చూపించారు. బాగా శుద్ధిచేసిన కార్జపు మందు ఈ గర్భిణీ స్త్రీలకు పనిచేయలేదు. శుద్ధిచేయని ముడి కార్జము, ఈస్టు మాత్రము పనిచేశాయి. అంటే శుద్ధిచేసేటప్పుడు పోతున్న వేరొక పదార్థము ఏదో ఉన్నది. దానికి అందరూ విల్స్ ఫాక్టర్ అని పేరు పెట్టారు.

అది ఏమిటో ఆమె కాలములోనే తెలిసింది. 1941లో అమెరికాలో శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి దానిని కొద్దిగా వేరుచేసి, ఆకు అని అర్థమిచ్చే లాటిన్ మాటనుబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. మన శరీరములో ఒక కణము రెండుగా చీలాలంటే ఇది కావాలి. ఇది లేకపోతే కణము పెరుగుతుంది గాని చీలదు. అందుకే పెద్ద కణములు, తక్కువ కణములు. గర్భములో శిశువు దినదినము పెరుగుతుంది కనుక తల్లి దగ్గర ఉన్న కొద్దిపాటి నిల్వ కాస్తా హరించుకుపోతుంది.

భీమవరము బిడ్డ

ఇక్కడ మన తెలుగువాడు ఈ కథలో ప్రవేశిస్తాడు. భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్ది దినముల తేడాలో చనిపోయారు. ఆ జబ్బులో పేగులు ఆహారములోని సారమును పీల్చుకోలేవు. ఫోలిక్ ఆమ్లము శరీరానికి అందదు. మద్రాసులో వైద్యము చదివి 1923లో అమెరికా వెళ్లిన సుబ్బారావు గారు లెడర్లీ పరిశోధనశాలకు నాయకుడయ్యారు. ఆయన ఆధ్వర్యములోని బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసింది. బొంబాయి తల్లుల కోసము ఆంగ్ల వైద్యురాలు వెదికిన వస్తువు, పరాయి దేశములో స్థిరపడిన తెలుగువాని బృందము చేతిలో మాత్రగా మారింది. ఆయన 1948లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. 1995లో మన ప్రభుత్వము ఆయన పేర తపాలా బిళ్ళ వెలువరించింది.

కడవరి దినములు

విల్స్ గారు రెండవ యుద్ధకాలములో లండన్‌లోనే ఉండి పనిచేశారు. రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో పాథాలజీ శాఖకు అధిపతిగా ఉండి 1947లో పదవీ విరమణ చేశారు. తరువాత కూడా ఊరకుండలేదు. జమైకా, ఫిజీ, దక్షిణాఫ్రికా వెళ్లి అక్కడి ఆహారము, రక్తహీనత గురించి పరిశీలించారు. లండన్‌లోని చెల్సీలో కౌన్సిలరుగా ఎన్నికై ప్రజలకు సేవచేశారు. కార్లు వచ్చిన కాలములో కూడా సైకిలు మీదనే పనికి వెళ్లేవారని చెబుతారు. వివాహము చేసుకోలేదు. 1964 ఏప్రిల్ 16న, 75 ఏండ్ల వయస్సులో మరణించారు.

ఆమె మరణించిన తరువాత ఆ పదార్థపు మరొక గుణము రుజువైంది. 1991లో ముగిసిన ఒక పెద్ద పరిశోధనలో, అంతకుముందు వెన్నెముక లోపముగల శిశువును కన్న తల్లులకు గర్భధారణకు ముందునుండి ఫోలిక్ ఆమ్లము ఇచ్చారు. ఆ లోపము మరల రావడం 72 శాతము తగ్గింది. తల్లిని కాపాడిన మాత్రే బిడ్డనూ కాపాడుతున్నది.

మన సంఘములకు

ఈ జీవితమును కేవలము మెచ్చుకోవడానికి వ్రాయలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో గర్భిణీ స్త్రీలలో 52.2 శాతము మందికి రక్తహీనత ఉన్నది. ప్రభుత్వము ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిపిన మాత్రలను గర్భిణీలకు 180 దినములు ఉచితముగా ఇస్తున్నది. అయినా షోలాపూరులో బీడీలు చుట్టే మన చెల్లెండ్లు, కట్టడపు పనికి వెళ్లే మన కోడండ్లు వాటిని పెట్టెలో దాచిపెట్టడం మేము చూస్తూనే ఉన్నాము. మాత్ర మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని ఒకరు, బిడ్డ లావైతే కాన్పు కష్టమని మరొకరు చెబుతారు. ఇవి వట్టి మాటలు. మాత్ర వలన మలము నల్లబడవచ్చు, కడుపులో కొంచెము తిప్పవచ్చు. అంతమాత్రాన మానకుండా డాక్టరుగారిని, లేదా ఆశా కార్యకర్తను అడగాలి.

ఇంకొక సంగతి. శిశువు వెన్నెముక గర్భము నిలిచిన మొదటి 28 దినములలోనే ఏర్పడుతుంది. చాలామందికి అప్పటికి గర్భమని తెలియదు కూడా. కాబట్టి వివాహమునకు ముందు వధూవరులకు బోధించే కాపరులు, పెద్దలు ఈ మాట కూడా చెప్పాలని మా మనవి. బిడ్డ కావాలనుకున్నప్పుడే డాక్టరు సలహాతో ఫోలిక్ ఆమ్లము మొదలుపెట్టాలి. స్త్రీల సమాజములు ఒక ఆదివారము దీనికొరకు ఒక అరగంట కేటాయిస్తే మంచిది.

ఆహారము కూడా మరువకూడదు. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు, వేరుశనగలు మన వీధిలో దొరికేవే. ఆకుకూరను ఎక్కువసేపు ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే సారమంతా దానితోనే పోతుంది. అన్నిటికంటె ముఖ్యముగా, ఇంట్లో అందరూ తిన్న తరువాత అడుగున మిగిలినది కోడలు తినే ఆచారమును మనము మానాలి. గర్భవతియైన ఆడబిడ్డకు మొదట వడ్డించాలి.

ఐగుప్తులో షిఫ్రా, పూయా అనే మంత్రసానులు దేవునికి భయపడి బిడ్డలను బ్రతకనిచ్చారు. దేవుడు వారికి మేలు చేశాడు. తల్లులను, శిశువులను బ్రతికించే ప్రతి చేతిని ప్రభువు దీవించును గాక. ఇప్పుడు మన సంఘములలో గర్భవతులుగా ఉన్న సహోదరీలందరి కొరకు ప్రార్థించండి. ప్రార్థించిన తరువాత వారి ఇంటికి వెళ్లి, మాత్రలు మింగుతున్నారో లేదో అడగండి.