చేతిపనికి కలాన్ని తోడుచేసిన అల్ జజరీ

జుమా నమాజు ముగించుకుని ఇంటికి వస్తూ మా రహమత్ నగర్ సందులో ఒక మెకానిక్ షెడ్డు ముందు మేము ఆగిపోయాము. సెలవుల్లో పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రవాడొకడు అక్కడ జానెడు కారు తయారు చేశాడు. రేకు డబ్బా కోసి బాడీ చేశాడు. పాత హవాయి చెప్పులు కోసి చక్రాలు, సైకిల్ పుల్లలతో ఇరుసులు, పాడైన టేప్ రికార్డరు నుంచి మోటారు. స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు నిజంగానే తిరుగుతున్నాయి. తండ్రి మాత్రం మురిసిపోలేదు. పుస్తకం పట్టాల్సిన వేళ బొమ్మలు చేస్తూ కూర్చున్నాడని కోప్పడ్డాడు.

ఆ తండ్రిని తప్పు పట్టలేము. చేతిపనిలో పడినవాడికి చదువు దూరమవుతుందని, చదువుకున్నవాడు చేతికి మసి అంటించుకోడని మన ఇళ్లలో ఒక భావం పాతుకుపోయింది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఒక ముస్లిం హస్తకళా నిపుణుని జీవితం ఈ భావం సరికాదని చూపిస్తుంది. ఆయనే అల్ జజరీ.

ఆయన పూర్తి పేరు బదీఉజ్జమాన్ అబుల్ ఇజ్ ఇస్మాయీల్ ఇబ్నుర్రజ్జాజ్ అల్ జజరీ. టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మధ్య ప్రాంతాన్ని అరబ్బులు అల్ జజీరా అనేవారు. ఆయన పేరులోని జజరీ అక్కడిదే. సలాహుద్దీన్ అయ్యూబీ కాలంలో, హిజ్రీ 570 (క్రీ.శ. 1174) ప్రాంతంలో ఆయన అర్తుఖీ వంశ పాలకుల కొలువులో చేరారు. మొదట నూరుద్దీన్ ముహమ్మద్ వద్ద, తర్వాత ఆయన కుమారులు ఖుత్బుద్దీన్, నాసిరుద్దీన్ మహమూద్‌ల వద్ద ఇరవై అయిదేళ్లు పనిచేశారు. నేటి టర్కీలోని దియార్‌బకిర్ నగరమే నాటి ఆమిద్. అక్కడి రాజభవనానికి రాగి, ఇత్తడి తలుపును పోతపోసిన చేతులు ఆయనవే.

ఆయనకు ఎక్కువ పేరు తెచ్చినవి కదిలే బొమ్మలు. సాలార్‌జంగ్ మ్యూజియంలో కుక్ అండ్ కెల్వీ గడియారం ముందు మన పిల్లలు గుమికూడటం మనకు తెలిసిందే. గంట కొట్టే వేళకు గడ్డం మనిషి బొమ్మ బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి వెళ్లిపోతుంది. అలాంటి వింతనే అల్ జజరీ ఆ గడియారానికి ఆరు వందల ఏళ్లకు పైగా ముందే, స్ప్రింగు లేకుండా, కేవలం నీటి ధారతో నడిపించారు. ఆయన కోట గడియారంలో గంట గంటకూ ఒక తలుపు తెరుచుకుని బొమ్మ కనిపించేది. డేగ బొమ్మలు ముక్కుల నుంచి గుండ్లు జారవిడిచి మోత పుట్టించేవి.

ఏనుగు గడియారం ఇంకా చిత్రమైనది. ఏనుగు కడుపులో నీళ్ల తొట్టి, అందులో అడుగున సన్నని రంధ్రమున్న గిన్నె ఉంటాయి. రంధ్రంలోంచి నీరు ఎక్కి అరగంటకు గిన్నె మునుగుతుంది. మునుగుతూ తాడును లాగితే పైన ఒక గుండు జారి పాము బొమ్మ నోట్లో పడుతుంది. ఆ బరువుకు పాము కిందికి వంగి, మునిగిన గిన్నెను మళ్లీ పైకి లేపుతుంది. మావటి బొమ్మ దెబ్బ వేస్తుంది. మళ్లీ కొత్త అరగంట మొదలవుతుంది.

బొమ్మలంటే వినోదం కోసమేనని అనుకోనక్కరలేదు. వుజూ చేసుకునే వేళ తన చేతులపై సేవకుడో బానిస స్త్రీయో నీళ్లు పోయడం నాసిరుద్దీన్ మహమూద్‌కు ఇష్టం లేకపోయింది. ఏదైనా ఉపాయం చేయమని అల్ జజరీని కోరాడు. నీళ్లు పోసే బొమ్మ సేవకుణ్ణి ఆయన తయారుచేసి ఇచ్చారు. మరో మనిషి సేవ అక్కరలేకుండానే పాలకుని వుజూ పూర్తయ్యేది.

ఆయన పనితీరు చూస్తే నేటి షెడ్డు మేస్త్రీలకు తమ పనే గుర్తొస్తుంది. నీరు ఒక్క చుక్క కారకుండా ఉండేందుకు వాల్వునూ దాని గూటినీ కురువింద పొడి వేసి ఒకదానితో ఒకటి రాపాడించేవారు. ఇంజిను విప్పిన మన మెకానిక్కులు గ్రైండింగు పేస్టుతో నేటికీ చేసేది ఇదే. చెక్క వంకరపోకుండా పలకలను ఒకదానిపై ఒకటి అంటించేవారు. పనికి ముందు కాగితంతో నమూనా చేసుకునేవారు. నది నీటిని పైకి తోడేందుకు ఆయన చేసిన జంట సిలిండర్ల పంపులో, గుండ్రంగా తిరిగే చక్రం పిస్టన్లను ముందుకూ వెనక్కూ నడిపిస్తుంది. మన వాహనాల ఇంజిన్లలో పిస్టను కదలిక చక్రాల తిరుగుడుగా మారుతుంది. సూత్రం ఒకటే, దిశ మాత్రమే తిరగబడింది.

ఇంత చేసినా ఆయన కలం పట్టకపోతే మనం ఈ రోజు ఆయన గురించి మాట్లాడుకునే వాళ్లం కాదు. పనిముట్లు పాడైపోతాయి, నేర్పు మనిషితో పాటే పోతుంది. ఇది గ్రహించిన నాసిరుద్దీన్ మహమూద్ ఆ నైపుణ్యాన్ని గ్రంథస్థం చేయమని ఆదేశించాడు. హిజ్రీ 602 (క్రీ.శ. 1206)లో ఆ గ్రంథం పూర్తయింది. ఆరు విభాగాల్లో యాభై యంత్రాలు. ప్రతి దానికీ బొమ్మ గీశారు. ప్రతి భాగానికీ ఒక అక్షరం గుర్తు పెట్టి కొలతలు, తయారీ విధానం రాశారు. చేసి చూడని విద్య నిజమో అబద్ధమో తేలకుండా మధ్యలో వేలాడుతుందని ఆయన భావించారు. పెద్దల మాటనైనా పరీక్షించకుండా తీసుకోలేదు. కాలాన్ని బట్టి పగటి నిడివి మారుతుంది గనుక నీటి ధారను రోజూ సరిచేయాలి. అందుకు పూర్వులు చెప్పిన పద్ధతి తప్పని ప్రయోగంలో తేలితే, ఎన్నోసార్లు చేసి చూసి సరైనది సాధించారు.

ఆ శ్రమ ఫలించింది. 1206 నాటి ప్రతి ఇస్తాంబుల్‌లోని తోప్‌కపీ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. బ్రిటిష్ ఇంజినీరు డొనాల్డ్ హిల్ 1974లో ఆ గ్రంథాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. 1976లో లండన్ సైన్స్ మ్యూజియంలో ఆ వివరాల ప్రకారమే నీటి గడియారాన్ని తిరిగి నిర్మిస్తే, అది నడిచింది. కట్టినవాడు పోయిన ఏడు శతాబ్దాల తర్వాత కూడా కాగితం మీది కొలత తప్పలేదు.

దివ్య ఖుర్ఆన్ సబా సూరాలో దావూద్ (అలైహిస్సలాం) కోసం అల్లాహ్ ఇనుమును మెత్తబరచిన ప్రస్తావన ఉంది. కవచాలు చేయమని, వాటి కడియాలను సరైన కొలతతో కూర్చమని ఆయనకు ఆదేశం అందింది. ఆయన తన చేతి కష్టం మీదనే భుజించేవారని మన ప్రవక్త (సఅసం) తెలియజేశారు. ఒక ప్రవక్తకు తగిన పని మన పిల్లలకు చిన్నతనం ఎలా అవుతుంది?

మన షెడ్లలోని ఉస్తాదులు ఇంజిను చప్పుడు వింటూనే లోపం చెప్పగలరు. వారి విద్య ఏ పుస్తకంలోనూ లేదు. వారితోపాటే అది మట్టిలో కలిసిపోతోంది. మరోవైపు బడిలో లివర్ల పాఠం చదివే పిల్లవాడి చేతికి స్క్రూడ్రైవరు అందడం లేదు. ఈ రెండు నష్టాలకూ అల్ జజరీ జీవితమే మందు.

మేము ఆ తండ్రికి చెప్పగలిగింది ఒక్కటే. కుర్రవాడి చేతిలోంచి కారు లాక్కోవద్దు. దాని పక్కన ఒక నోటు పుస్తకం పెట్టండి. ఇరుసు పొడవెంత, చక్రం వ్యాసమెంత, స్టీరింగుకూ చక్రానికీ మధ్య ఏ కడ్డీ కదులుతోంది, బొమ్మ గీసి రాయమనండి. లెక్కలు, సైన్సు ఆ దారిలోనే వస్తాయి. పనిచేసే చేతినీ, రాసే చేతినీ అల్లాహ్ మన పిల్లలందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.