చక్రాల కుర్చీలోని వైద్యురాలు

శ్రీకాళహస్తి నుండి రోగులను వేలూరుకు తీసుకొనిపోవుట మన కుటుంబాలలో పాత అలవాటే. ఆ క్రైస్తవ వైద్య కళాశాలలో సేవ చేసినవారే డాక్టర్ మేరీ వర్గీస్.

1925లో కేరళలో జన్మించిన ఆమెకు 1954లో కారు ప్రమాదం వలన వెన్నుపాము దెబ్బతిని నడుము క్రింది భాగం చచ్చుబడింది. యువ వైద్యురాలు ఎంతో కృంగిపోయారు. కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్స కూర్చుండియే చేయవచ్చునని డాక్టర్ పాల్ బ్రాండ్ ఆమెకు దారి చూపారు. చక్రాల కుర్చీలో కూర్చుండి ఆమె ముడుచుకొనిపోయిన వ్రేళ్లను సరిచేశారు. న్యూయార్క్‌లో శిక్షణ పొంది వచ్చిన తరువాత, 1966లో వేలూరులో పునరావాస కేంద్రం వెలసింది. 1972లో పద్మశ్రీ అందుకొని, 1986లో కన్నుమూశారు.

మంచాన పడినవారి ప్రక్క ప్రార్థన చేసి లేచి వచ్చినవారిలో నేనూ ఒకడను. వారి చేతులు చేయగల పని ఏదో మనమెన్నడైనా అడిగితిమా?