యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 - 1948 ఆగస్టు) ప్రముఖ భారతీయ వైద్యుడు, జీవరసాయన శాస్త్రవేత్త. కండరాలు శక్తిని పొందే విధానంపై పరిశోధనలు, ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణ, లుకేమియాకు తొలి మందులు, బోదకాలుకు మందు డైఇథైల్ కార్బమజైన్ ఈయన కృషిలో ముఖ్యమైనవి. ఈ చివరి మందు తరువాతి కాలంలో ఉష్ణమండల ఇస్నోఫీలియాకు ప్రధాన చికిత్స అయ్యింది. ఇస్నోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు మితిమీరి పెరిగితే ఊపిరితిత్తులే కాక గుండె కండరం కూడా దెబ్బతినే ప్రమాదం ఉంది.

బాల్యం, విద్యాభ్యాసం

సుబ్బారావు నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. పేదరికం వలన బాల్యంలోనే కాశీకి వెళ్ళి అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించాలని ఇల్లు విడిచాడు. తల్లి వెనక్కు రప్పించి చదువులో పెట్టింది. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో, మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి ఉత్తీర్ణుడయ్యాడు. ప్రెసిడెన్సీ కళాశాల తరువాత మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. 1919లో శేషగిరితో వివాహం జరిగింది.

గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు వస్త్రాలతో శస్త్రచికిత్స గదికి వెళ్ళడం ఆంగ్లేయ ఆచార్యునికి ఆగ్రహం కలిగించింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టా బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. లభించింది. కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించాడు. ఇద్దరు సోదరులు రోజుల వ్యవధిలోనే స్ప్రూ వ్యాధితో మరణించడం ఈయనను వైద్య పరిశోధన వైపు మళ్ళించింది.

హార్వర్డులో పరిశోధనలు

మామగారి సహాయంతో 1922 అక్టోబరులో బోస్టన్ చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యం చదివాడు. జీవనం కోసం ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న పనులు చేశాడు. సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోను, మూత్రంలోను ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. ఇది ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధి పొందింది. ఆ తరువాత వీరిద్దరు కండరాలలో ఫాస్ఫోక్రియేటిన్‌ను (1927), ఏ.టి.పి.ని (1929) గుర్తించారు. దాదాపు అదే కాలంలో ఐరోపాలోను కొందరు స్వతంత్రంగా ఈ పదార్థాలను కనుగొన్నారు. గుండె కండరం నిరంతరాయంగా పని చేయడానికి కావలసిన శక్తి ఈ ఏ.టి.పి. నుండే లభిస్తుంది. 1930లో డాక్టరేట్ పొందినప్పటికీ హార్వర్డులో ఈయనకు శాశ్వత పదవి దక్కలేదు.

లెడర్లీలో మందుల ఆవిష్కరణ

1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. ఈయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధి చికిత్సకు ఇదే ఉపయోగపడింది. ఫోలిక్ ఆమ్లానికి వ్యతిరేకంగా పని చేసే అమినాప్టెరిన్ కూడా అక్కడే తయారైంది. దీనితో సిడ్నీ ఫార్బర్ లుకేమియా సోకిన పిల్లలకు చికిత్స చేసి, 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా వ్యాధి తగ్గినట్లు 1948లో ప్రకటించాడు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. ఆరియోమైసిన్ అనే యాంటిబయాటిక్ కూడా ఈయన పర్యవేక్షణలోని విభాగంలోనే వెలువడింది.

ఇస్నోఫీలియా, గుండె

రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులలోని అమెరికా సైనికులకు బోదకాలు క్రిములు సోకాయి. ఆ వ్యాధికి మందు కోసం సాగిన అన్వేషణలో 1947లో డైఇథైల్ కార్బమజైన్ (హెట్రజాన్) వెలుగులోకి వచ్చింది.

అంతకు ముందే, 1940లో, మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయ వైద్యులు ఫ్రిమాట్-మోలర్, బార్టన్ క్షయను పోలిన ఒక వ్యాధిని వర్ణించారు. ఆ రోగుల రక్తంలో ఇస్నోఫిల్స్ విపరీతంగా పెరిగి ఉన్నాయి. 1943లో వైన్‌గార్టెన్ దీనికి ఉష్ణమండల ఇస్నోఫీలియా అని పేరు పెట్టాడు. బోదకాలు క్రిముల పిల్లలకు శరీరం తీవ్రంగా ప్రతిస్పందించడమే కారణమని, రక్తంలో ఆ క్రిములు కనిపించకపోయినా హెట్రజాన్ పని చేస్తుందని 1950ల తరువాత స్పష్టమైంది. క్షయగా పొరబడి నెలల తరబడి అనవసర చికిత్స పొందే రోగులకు దీనివలన మేలు కలిగింది.

సాధారణంగా ఒక మైక్రోలీటరు రక్తంలో ఇస్నోఫిల్స్ 500 లోపు ఉంటాయి. ఉష్ణమండల ఇస్నోఫీలియాలో 3,000 దాటడం సామాన్యం. ఏ కారణం వలననైనా ఈ కణాలు చాలా పెరిగి గుండెలో చేరితే, వాటి నుండి విడుదలయ్యే విష ప్రోటీనులు కండర కణాలను చంపుతాయి. పిదప గుండె లోపలి పొరపై రక్తం గడ్డలు కట్టవచ్చు, చివరకు ఆ పొర మందమై గట్టిపడుతుంది. స్విస్ వైద్యుడు విల్హెల్మ్ లోఫ్లర్ 1936లో ఈ గుండె వ్యాధిని వర్ణించాడు. మందుల వికటింపు, పరాన్నజీవులు, కొన్ని రక్త వ్యాధులు కూడా ఇందుకు కారణం కావచ్చు. అందువలన హెట్రజాన్ అన్ని ఇస్నోఫీలియాలకు మందు కాదు. గుండె కండర శోథకు సాధారణంగా స్టీరాయిడ్లు ఇస్తూ, మూలకారణానికి చికిత్స చేస్తారు.

మరణం, గుర్తింపు

సుబ్బారావు 1948 ఆగస్టులో పెర్ల్ రివర్‌లో నిద్రలోనే గుండెపోటుతో మరణించాడు. అప్పటికి ఈయన వయస్సు 53 సంవత్సరాలు. ఇరవై ఆరేళ్ళ ప్రవాసంలో ఒక్కసారి కూడా స్వదేశానికి రాలేదు, భార్యను తిరిగి చూడలేదు, అమెరికా పౌరసత్వమూ స్వీకరించలేదు. తన మందు ఇస్నోఫీలియా రోగులకు ఉపయోగపడటం చూడకుండానే కన్నుమూశాడు. ఈయన గౌరవార్థం ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఈయన స్మారక బిళ్ళను విడుదల చేసింది.