గిల్బర్టు – సూదంటురాయి

పిల్లలూ! మీరు అయస్కాంతంతో ఎప్పుడైనా ఆడుకొన్నారా? దానిని గుండుసూదుల దగ్గరకు తీసుకొని వెళ్ళండి. సూదులు చటుక్కున వచ్చి దానికి అంటుకొంటాయి. కాగితం అంటుకోదు. పుల్ల అంటుకోదు. గాజుముక్క అంటుకోదు. ఇనుప సూదిని అంటించుకొనే నల్లని రాయి ఒకటి భూమిలో దొరుకుతుంది. మన పెద్దలు దానికి సూదంటురాయి అని చక్కని పేరు పెట్టారు.

19వ శతాబ్దంలో మీ తాతల తాతలు ఆంధ్ర తీరంలో ఓడ ఎక్కి మారిషస్ దీవికి వచ్చారు. వారిలో చాలామంది కోరంగి రేవులో ఓడ ఎక్కారు. అన్ని రోజుల ప్రయాణంలో చుట్టూ నీరే. ఎటు చూసినా గట్టు కనిపించదు. మబ్బు పడితే చుక్కలు కూడా కనిపించవు. అప్పుడు ఓడ నడిపేవారికి దిక్కు చూపినది దిక్సూచి. అందులో ఉన్నది ఒక చిన్న అయస్కాంతపు సూది. అందరి ప్రాణాలూ ఆ సూది మీదనే ఆధారపడి ఉండేవి.

ఆ సూది ఎందుకు ఎప్పుడూ ఉత్తరం వైపుకే తిరుగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెదకినవాడు విలియం గిల్బర్టు. ఆయన కథ వినండి.

గిల్బర్టు ఇప్పటికి సుమారు 480 ఏళ్ళ క్రిందట ఇంగ్లండులోని కోల్చెస్టరు పట్టణంలో పుట్టాడు. కేంబ్రిడ్జిలో చదివి 1569లో వైద్యుడైనాడు. తరువాత లండను నగరం చేరి రోగులకు వైద్యం చేశాడు. మంచి పేరు తెచ్చుకొన్నాడు. వైద్యం చేస్తూనే చాలా ఏళ్ళు సూదంటురాళ్ళను పరీక్షించాడు.

ఆ రోజులలో సూదంటురాయిని గురించి ఎన్నో వింతమాటలు ఉండేవి. వెల్లుల్లి తగిలితే దాని బలం పోతుందని కొందరు నమ్మేవారు. వజ్రంతో రుద్దితే ఇనుము ఉత్తరం వైపు తిరుగుతుందని కొందరు వ్రాశారు. సూదిని ధ్రువనక్షత్రం లాగుతుందని మరికొందరు అనుకొనేవారు. పాత పుస్తకంలో ఉన్నదానిని ఒకరు వ్రాసేవారు. దానిని చూచి ఇంకొకరు వ్రాసేవారు. చేసి చూచేవారు మాత్రం చాలా తక్కువ.

గిల్బర్టు చేసి చూచాడు. ఒకటి కాదు, రెండు కాదు, 75 వజ్రాలు తీసుకొన్నాడు. పలువురి ఎదుట వాటితో ఇనుమును రుద్దాడు. ఇనుము ఉత్తరం వైపు తిరగలేదు. ఆ మాట అబద్ధమని తేలిపోయింది. వెల్లుల్లి కథ కూడా అబద్ధమేనని ఆయన వ్రాశాడు.

ఆయన పండితుల పుస్తకాలతోనే ఆగలేదు. రాబర్టు నార్మన్ అనే ఆయన లండనులో దిక్సూచులు తయారుచేసేవాడు. అంతకు ముందు ఓడలలో పనిచేశాడు. సూది ఉత్తరం వైపు తిరగడమే కాదు, దాని కొన క్రిందికి కూడా వంగుతుందని నార్మన్ 1581లో ప్రకటించాడు. చేతిపని చేసేవాని మాట అని గిల్బర్టు దానిని తీసివేయలేదు. దానిని తానూ పరీక్షించి చూచాడు.

గిల్బర్టు ఒక సూదంటురాయిని చిన్న చెక్క పడవలో పెట్టి నీటి మీద వదిలాడు. పడవ మెల్లగా తిరిగి ఒక దిక్కుగా నిలిచింది. రాయికి రెండు కొనలు ఉన్నాయి. వాటిని ధ్రువాలు అంటాము. ఒకటి ఉత్తర ధ్రువం, రెండవది దక్షిణ ధ్రువం. రెండు రాళ్ళను దగ్గరకు తెచ్చినప్పుడు ఉత్తరం దక్షిణాన్ని లాగుకొంటుంది. ఉత్తరం ఉత్తరాన్ని తోసివేస్తుంది. దక్షిణమూ దక్షిణాన్ని అంతే. రాయిని రెండు ముక్కలు చేస్తే ఏమవుతుంది? ప్రతి ముక్కకూ మళ్ళీ రెండు ధ్రువాలు ఉంటాయి. ఒకే ధ్రువం ఉన్న ముక్క దొరకదు.

కమ్మరి కొలిమిలో కూడా ఆయన పాఠం నేర్చుకొన్నాడు. అయస్కాంతాన్ని ఎర్రగా కాలిస్తే దాని బలం పోతుంది. కాని కాల్చిన ఇనుప కడ్డీని దాగలి మీద ఉత్తర దక్షిణాలుగా పెట్టి, చల్లారేదాకా సమ్మెటతో కొడితే, అది కొద్దిగా అయస్కాంతం అవుతుంది. దగ్గరలో సూదంటురాయి లేదే! మరి ఆ బలం ఎక్కడి నుండి వచ్చింది?

గిల్బర్టు సూదంటురాయిని బంతిలాగా గుండ్రంగా చేయించాడు. దానికి చిన్న భూమి అని పేరు పెట్టాడు. ఆ బంతిపై చిన్న సూదిని అన్ని చోట్లా పెట్టి చూచాడు. నడుమ భాగంలో సూది బంతికి సమంగా పడుకొన్నది. ధ్రువం వైపు జరిపేకొద్దీ వంగింది. ధ్రువం మీద నిటారుగా నిలిచింది. భూమి మీద దిక్సూచి సూది కూడా ఇలాగే వంగుతుంది. అప్పుడు ఆయనకు జవాబు దొరికింది. సూదిని లాగేది నక్షత్రం కాదు. మనం నిలిచి ఉన్న భూమియే ఒక పెద్ద అయస్కాంతం!

1600లో ఆయన ఈ సంగతులన్నీ లాటిన్ భాషలో ఒక గ్రంథంగా ప్రకటించాడు. ఇటలీలో గెలీలియో దానిని చదివి మెచ్చుకొన్నాడు. గిల్బర్టు ఇంగ్లండు రాణి ఎలిజబెత్తుకు వైద్యుడైనాడు. 1603లో కన్నుమూశాడు. ఆయన తన పుస్తకాలను, పరికరాలను లండనులోని వైద్యుల సంఘానికి ఇచ్చాడు. 1666లో నగరంలో పెద్ద అగ్ని ప్రమాదం జరిగింది. అందులో అవి కాలిపోయాయి. ఆయన చెప్పిన నిజం మాత్రం కాలిపోలేదు.

అయితే గిల్బర్టు కూడా ఒకచోట పొరపడ్డాడు. భూమి లోపల అంతా సూదంటురాయే అనుకొన్నాడు. భూమి లోతులో కరిగిన ఇనుము కదులుతూ ఉంటుందనీ, అందులో విద్యుత్తు పారుతూ ఉంటుందనీ, అందువల్లనే భూమి అయస్కాంతం అయిందనీ తరువాతివారు తెలుసుకొన్నారు. వారు గిల్బర్టు మాటనూ పరీక్షించారు. ఆయన నేర్పిన పద్ధతి అదే కదా!

ఇక మీరు చేయండి. పెద్దవారిని దగ్గర ఉంచుకొని ఒక కుట్టుసూది తీసుకోండి. దానిని అయస్కాంతంతో ఒకే వైపుగా 30 సార్లు రుద్దండి. పళ్ళెంలో నీరు పోసి, చిన్న ఆకు మీద ఆ సూదిని తేలనివ్వండి. అది మెల్లగా తిరిగి, సుమారుగా ఉత్తర దక్షిణాలుగా నిలుస్తుంది. మీ తాతల తాతలకు దారి చూపిన సూది వంటిదే అది. తరువాత దానికి వెల్లుల్లి రుద్ది చూడండి. ఏమవుతుందో మేము చెప్పము. మీరే చూచి, మీ ఉపాధ్యాయునికి చెప్పండి.