భగవంతం గారు కొలిచిన మెట్లు

ఫస్టియర్ ఫిజిక్స్‌లో పార్టికల్ ఇన్ ఎ బాక్స్ డెరివేషన్ అందరం రాశాం, సెమిస్టర్ అయ్యాక అందరం వదిలేశాం. ఆ పెట్టె నిజంగా ఎక్కడైనా ఉంటుందా అని వెతికితే నాకు దొరికిన పేరు సూరి భగవంతం. మా సీతమ్మధారకి దగ్గర్లోనే ఉన్న ఆంధ్రా యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పిన మనిషి!

ఆయన 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ గారి దగ్గర చేరారు. రామన్ ఎఫెక్ట్ బయటపడింది కూడా ఆ ఏడాదే. అప్పటికి ఆయనది ఇంచుమించు మన వయసు.

రెండు పరమాణువుల మధ్య బంధాన్ని ఒక బావి అనుకోండి. అడుగున పొటెన్షియల్ ఎనర్జీ తక్కువ, ఎటు జరిగినా పెరుగుతుంది. అందుకే పరమాణువులు అందులో చిక్కుకుని ఊగుతుంటాయి. మామూలు ఉయ్యాలని ఎంత ఎత్తుకైనా ఊపొచ్చు. ఇక్కడ కుదరదు. చిక్కుకున్నదానికి తరంగ స్వభావం ఉంది కాబట్టి, బావిలో ఇమిడే ఆకారాలే చెల్లుతాయి. దాంతో శక్తి మెట్లుమెట్లుగా ఉంటుంది. అట్టడుగు మెట్టు మీద కూడా ఊగడం పూర్తిగా ఆగదు. లోపలికెళ్లిన కాంతి ఒక మెట్టంత శక్తి ఇచ్చేసి, రంగు మారి బయటికొస్తుంది. ఆ తేడాయే మెట్టు ఎత్తు.

1930లో భగవంతం గారు వజ్రం మీద ఈ పని చేశారు. వజ్రంలో ఆ మెట్టు సుమారు 0.165 ఎలక్ట్రాన్ వోల్టులు. మన గది వేడి ఇచ్చే శక్తి అందులో ఆరో వంతే. కార్బన్ బంధం అంత బిగువు, బావి గోడలు అంత నిటారు.

1932లో ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చారు. టి. వెంకటరాయుడు గారితో కలిసి గ్రూప్ థియరీని ఫిజిక్స్‌కి ఎలా వాడాలో పుస్తకం రాస్తే, యూనివర్సిటీయే 1948లో అచ్చేసింది. అణువు సిమెట్రీ తెలిస్తే చాలు, ఏ ఊపు రామన్‌లో కనిపిస్తుందో ముందే చెప్పేయొచ్చు. కార్బన్ డయాక్సైడ్‌లో రెండు ఆక్సిజన్‌లూ ఒకేసారి బయటికి సాగితే అది రామన్‌లో కనిపిస్తుంది, ఇన్‌ఫ్రారెడ్‌లో కనిపించదు.

తర్వాత ఉస్మానియాకి వైస్ ఛాన్సలర్, బెంగళూరు ఐఐఎస్‌సీకి డైరెక్టర్, రక్షణ మంత్రికి సైంటిఫిక్ అడ్వైజర్ అయ్యారు. 1989లో పోయారు. పదవుల కన్నా నాకు ఆ పుస్తకమే ఎక్కువ నచ్చింది. లూప్ రన్ చేసేముందే సున్నా అయ్యే కేసులన్నీ తీసేయడం మనం కోడింగ్‌లో నేర్చుకుంటున్నాం. ఆయన ఆ పని పెన్నూ కాగితంతో, మన ఊళ్లోనే చేశారు.