వంటగదిలో దేవుని సన్నిధి

ఆదివారం ఆలయంలో స్తుతించే మనకు సోమవారం వంటగదిలో దేవుడు గుర్తుంటాడా? లొరేన్ ప్రాంతపు నికొలస్ హెర్మన్ సైనికుడిగా పనిచేసి, యుద్ధంలో కాలికి గాయమై కుంటివాడయ్యాడు. 1640లో పారిస్‌లోని కార్మెల్ మఠంలో చేరి బ్రదర్ లారెన్స్ అయ్యాడు. అక్కడ వంటపని అప్పగించారు. వంటంటే ఆయనకు బొత్తిగా గిట్టదు! అయినా పదిహేనేళ్లు చేశాడు. తాను రక్షణకు దూరమైనవాడినేమోనన్న భయం ఏళ్ల తరబడి వేధించినా దేవునితో మాట్లాడటం మానలేదు. క్రమేణా పెనం మీద అట్టు తిప్పడం కూడా ఆయనకు ఆరాధనే అయింది. ఎవరితోనూ వాదించలేదు, సలహా కోరినవారికి ఉత్తరాలు రాసి, తమ పనుల్లోనే దేవుని వెదకమని ప్రేమతో పిలిచాడు. కాలు సహకరించనప్పుడు చెప్పులు కుట్టాడు. 1691లో ప్రభువునందు నిద్రించాక ఆ ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. కేథలిక్కు గదా అని మనం పక్కన పెడతామేమో గాని, జాన్ వెస్లీ పెట్టలేదు; తన క్రైస్తవ గ్రంథమాలలో చేర్చుకున్నాడు.